చక్కెర దుంప పిప్పి: చిక్కిన గుర్రానికి మేత ఎంపిక

చక్కెర దుంప నుంచి తీపి రసం తీసేశాక మిగిలే పీచును ఎండబెట్టి పశువులకు మేతగా అమ్ముతారు. అమెరికాలోనూ ఐరోపాలోనూ గుర్రపుశాలల్లో దీన్ని బీట్ పల్ప్ అంటారు. ఈనాటికీ ఇందులో ఎక్కువ భాగం పాడి ఆవులకే పోతుంది. అయినా పక్కటెముకలు తేలి, వెన్ను దిగిపోయిన గుర్రాన్ని మళ్ళీ ఒంటికి తేవాలనుకునే వారిలో చాలామంది మొదట వెతికే బస్తా ఇదే. గింజలకు దగ్గరగా శక్తినిచ్చే ఈ మేత గడ్డిలాగే పీచుగా జీర్ణమవుతుంది. గింజలు ఎక్కువైనప్పుడు గుర్రానికి వచ్చే కడుపు బాధలు దీనితో అంతగా రావు.

బస్తా మీద పేరు ఒకటే ఉన్నా లోపలి సరుకు మాత్రం ఒకటి కాదు. తురుము, గుళికలు, త్వరగా నానే రేకులు, మొలాసిస్ కలిపినవి, కలపనివి, ముసలి గుర్రాల కోసం ఇతర దినుసులతో కలిపి చేసిన సంపూర్ణ దాణాలు, ఇలా ఎన్నో రకాలున్నాయి. ఒక గుర్రానికి ప్రాణం పోసిన రకం మరో గుర్రానికి గిట్టల జబ్బు తేవచ్చు.

దుంప నుంచి బస్తా దాకా

దుంపలో చక్కెర ఉందని 1747లో బెర్లిన్ రసాయన శాస్త్రవేత్త ఆండ్రియాస్ మార్‌గ్రాఫ్ కనిపెట్టాడు. ఆయన శిష్యుడు ఫ్రాంజ్ కార్ల్ అఖార్డ్ సైలీషియాలోని కూనెర్న్‌లో 1801లో తొలి దుంప చక్కెర కర్మాగారం నెలకొల్పాడు. నెపోలియన్ యుద్ధాల కాలంలో సముద్రాలు దాటి వచ్చే చెరకు చక్కెర ఆగిపోయింది. 1811లో నెపోలియన్ దుంప సాగును విస్తరించమని ఆజ్ఞ జారీ చేశాక ఐరోపాలో ఈ పరిశ్రమ నిలదొక్కుకుంది. అమెరికాలో నిలబడగలిగిన మొదటి కర్మాగారం 1870లో కాలిఫోర్నియాలోని అల్వరాడోలో మొదలైంది. ఇప్పుడు అక్కడ ఈ పంటకు పెద్ద చిరునామా మిన్నెసోటా, నార్త్ డకోటా రాష్ట్రాల మధ్య పారే రెడ్ రివర్ లోయ. ఆ లోయలోని అమెరికన్ క్రిస్టల్ షుగర్ కంపెనీ 1973 నుంచి దుంప రైతులదే. సహకార సంఘంగా వారే దాన్ని నడుపుకుంటున్నారు.

కర్మాగారంలో దుంపలను కడిగి సన్నని పొడవాటి ముక్కలుగా తరుగుతారు. సుమారు 70 డిగ్రీల వేడి నీటిని ఆ ముక్కల మీదుగా ఎదురు దిశలో పంపితే చక్కెర నీటిలోకి దిగుతుంది. మిగిలిన తడి పిప్పిని పిండి, వేడి డ్రమ్ములలో ఎండబెడతారు. టన్ను దుంపకు 50, 60 కిలోల ఎండు పిప్పి వస్తుంది. కొన్ని కర్మాగారాలు చక్కెర తీయగా మిగిలిన మొలాసిస్‌ను ఈ పిప్పి మీదే చల్లుతాయి. దానితో దుమ్ము అణుగుతుంది, రుచి పెరుగుతుంది, మొలాసిస్ కూడా అమ్ముడుపోతుంది.

చెరకు పిప్పి సంగతి తెలిసిన తెలుగు పాఠకుడికి ఇక్కడ అనుమానం రావచ్చు. చెరకు పిప్పిని మిల్లులు బాయిలర్లలో తగలబెడతాయి కదా, దుంప పిప్పి మేతగా ఎలా పనికొస్తుంది? తేడా లిగ్నిన్‌లో ఉంది. చెరకు గడను నిలబెట్టే ఈ గట్టి పదార్థాన్ని పేగుల్లోని సూక్ష్మజీవులు విడగొట్టలేవు. భూమిలో ఊరే దుంపకు అలా నిటారుగా నిలబడే అవసరం లేదు కనుక దాని పీచులో లిగ్నిన్ చాలా తక్కువ. పెక్టిన్ మాత్రం పుష్కలంగా ఉంటుంది. జామ పండు జెల్లీని గట్టిపరిచే పెక్టిన్ ఇదే. గుర్రం పేగుల్లోని సూక్ష్మజీవులు దీన్ని ఇట్టే పులియబెడతాయి.

గుర్రం పొట్టలో జరిగేది

గుర్రం నెమరు వేయదు. దాని జీర్ణాశయం ఒంటికి తగ్గంత పెద్దది కూడా కాదు. 500 కిలోల జంతువుకు 8 నుంచి 15 లీటర్ల సంచీ మాత్రమే ఉంటుంది. అసలు పని చిన్న పేగు దాటాక, అంధనాళంలోనూ పెద్ద పేగులోనూ జరుగుతుంది. అక్కడ కోటానుకోట్ల సూక్ష్మజీవులు పీచును పులియబెట్టి కొవ్వు ఆమ్లాలుగా మారుస్తాయి. గుర్రం వాటిని పీల్చుకుని శక్తిగా వాడుకుంటుంది, మిగిలితే కొవ్వుగా దాచుకుంటుంది. గింజల్లోని పిండిపదార్థం మాత్రం చిన్న పేగులోనే అరిగిపోవాలి. ఒకేసారి ఎక్కువ పెడితే అరగని పిండి పెద్ద పేగులోకి జారుతుంది. దానితో అక్కడ ఆమ్లం పెరిగి సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. శూల, గిట్ట లోపలి వాపు వచ్చే దారుల్లో ఇది ముఖ్యమైనది.

అందుకే పోషణ నిపుణులు ఒక పూట మేతలో పిండిపదార్థం, గుర్రం బరువులో కిలోకు ఒక గ్రాము మించకూడదంటారు. 500 కిలోల గుర్రానికి అది అర కిలో పిండి, అంటే సుమారు కిలో పావు ఓట్స్. జీర్ణాశయంలో పుండ్ల విషయంలోనూ ఇదే లెక్క పనికొస్తుంది. డెన్మార్క్‌లో గుర్రాలను పరీక్షించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, రోజుకు కిలో బరువుకు రెండు గ్రాములకు మించి పిండిపదార్థం తినే గుర్రాల్లో పుండ్ల ప్రమాదం దాదాపు రెట్టింపు కనిపించింది. చిక్కిపోయిన గుర్రానికి తొట్టి నిండా మొక్కజొన్న పోయాలనిపించడం సహజం. ఆ ప్రేమే దాన్ని పడుకోబెట్టవచ్చు.

శక్తి లెక్కలో దుంప పిప్పి గడ్డికీ గింజలకూ మధ్య నిలుస్తుంది. తేమ తీసేసి లెక్కిస్తే కిలోకు సుమారు 2.8 మెగాకేలరీల జీర్ణశక్తి ఉంటుంది. మంచి ఎండుగడ్డిలో అది 2 కాస్త అటూఇటూ, ఓట్స్‌లో 3.2 దాకా. ఎండుగడ్డిలో సగమో అంతకు కొంచెం ఎక్కువో మాత్రమే గుర్రం ఒంటికి పడుతుంది. దుంప పిప్పిలో సుమారు 80 శాతం పడుతుంది. మాంసకృత్తులు 8 నుంచి 10 శాతం.

ముందు తేల్చుకోవలసింది

బరువు తగ్గడం జబ్బు కాదు, జబ్బు చూపే గుర్తు. ఏ దాణా కొనాలో ఆలోచించే ముందు గుర్రం ఎందుకు చిక్కిందో తేలాలి. ఎక్కువసార్లు మొదటి నేరస్తులు పళ్ళే. గుర్రం పళ్ళు జీవితమంతా పైకి వస్తూ, ఏటా రెండు మూడు మిల్లీమీటర్లు అరుగుతూ ఉంటాయి. పాతికేళ్ళు దాటాక అలా పైకి రావడానికి చిగురు కింద ఉన్న పంటి నిల్వ అయిపోతుంది. సరిగా నమలలేని గుర్రం గడ్డిని ఉండలు ఉండలుగా నోట్లోంచి వదిలేస్తుంది. తొట్టి కింద పడి ఉండే ఆ తడి ఉండలు చూస్తే చాలు, దంత వైద్యుడిని పిలవాల్సిన సమయమని అర్థం. పళ్ళ తరువాత పురుగులు. లద్దెలో పురుగుల గుడ్లు లెక్కించి మందు వేయడం ఇప్పుడు పశువైద్యులు సూచించే పద్ధతి. ముసలి గుర్రంలో వెన్ను కండ కరిగి, వేసవిలోనూ బొచ్చు రాలకపోతే పిట్యూటరీ గ్రంథి జబ్బును అనుమానించాలి. దానికి రక్త పరీక్ష ఉంది, మందూ ఉంది. మందలో బలమైన గుర్రం మిగతావాటిని తొట్టి దగ్గరికి రానివ్వకపోవడమూ మామూలే. అప్పుడు కొత్త బస్తా కొనడం కన్నా విడిగా కట్టి మేపడం మేలు.

గుర్రం ఎంత చిక్కిందో కంటితో అంచనా వేస్తే మోసపోతాం. చలికాలపు దట్టమైన బొచ్చు కింద పక్కటెముకలు దాక్కుంటాయి. గడ్డితో ఉబ్బిన పొట్టను చూసి కొవ్వనుకుంటారు. టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో డాన్ హెన్నెకె 1983లో ప్రచురించిన కొలమానం ఈ గందరగోళాన్ని చాలావరకు తీర్చింది. మెడ, మూపు, భుజం వెనక, పక్కటెముకలు, నడుము, తోక మొదలు, ఈ ఆరు చోట్ల చేత్తో తడిమి 1 నుంచి 9 వరకు అంకె వేస్తారు. 1 అంటే ఎముకల గూడు, 9 అంటే అతి స్థూలం. పక్కటెముకలు కంటికి కనపడకుండా చేతికి సులువుగా తగిలితే 5. చాలా గుర్రాలకు గమ్యం అదే.

బరువు తూచే కాటా లేని చోట టేపు చాలు. మూపు వెనక ఛాతీ చుట్టుకొలతను దానితోనే గుణించి, భుజం మొన నుంచి పిర్ర మొన దాకా ఉన్న పొడవుతో మళ్ళీ గుణించి, 11,880తో భాగిస్తే కిలోల్లో బరువు వస్తుంది. కొలతలు సెంటీమీటర్లలో ఉండాలి. చుట్టుకొలత 180, పొడవు 160 అయితే ఆ గుర్రం సుమారు 436 కిలోలు. ఒకటి రెండు కిలోల తేడా ఇందులో తెలియదు. రెండు వారాలకోసారి ఒకే మనిషి, ఒకే టేపుతో కొలిస్తే బరువు ఎటు పోతోందో మాత్రం తెలుస్తుంది.

నెలల తరబడి పస్తులున్న గుర్రం సంగతి వేరు. అలాంటి దానికి మొదటి రోజునే దుంప పిప్పి పెట్టకూడదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో కరొలిన్ స్టల్ బృందం పస్తులున్న గుర్రాల మీద పని చేసి, లూసర్న్ గడ్డితో మొదలుపెట్టమని సూచించింది. మొదటి మూడు రోజులు నాలుగు గంటలకోసారి సుమారు అర కిలో ఇస్తూ, తరువాత మెల్లగా పెంచుతారు. ఎండిపోయిన ఒంట్లోకి చక్కెర, పిండి ఒక్కసారిగా చేరితే ఇన్సులిన్ పెరిగి, రక్తంలోని భాస్వరాన్నీ మెగ్నీషియాన్నీ కణాల్లోకి తోసేస్తుంది. గుండె, ఊపిరి ఆగిపోయే ప్రమాదం అక్కడ ఉంది. లూసర్న్‌లో పిండి తక్కువ, ఆ ఖనిజాలు మెరుగు. దుంప పిప్పిలో భాస్వరం అడుగంటి ఉంటుంది. రక్షణ కేంద్రాలకు చేరే ఎముకల గూళ్ళ విషయంలో ఈ తేడా ప్రాణాల మీదిది.

తురుమా, గుళికా, రేకులా?

కారణం తేలి, పశువైద్యుడు సరే అన్నాక బస్తా ఎంపిక వస్తుంది. మొట్టమొదట చూడవలసింది మొలాసిస్ ఉందా లేదా అన్నది. కలపని పిప్పిలో చక్కెర సాధారణంగా 10 శాతం లోపే. చక్కెర చాలావరకు కర్మాగారంలోనే పోయింది కనుక ఈ దుంప పేరు విని భయపడనక్కర లేదు. ధారాళంగా మొలాసిస్ కలిపిన రకాల్లో అది 20 శాతం దాకా వెళ్తుంది. ఇన్సులిన్ సమస్య ఉన్న గుర్రాలకు, ఒకసారి గిట్టల వాపు వచ్చిన వాటికి, కండరాల్లో చక్కెర పేరుకునే జబ్బు ఉన్నవాటికి అది తగదు. మరో మడతపేచీ కూడా ఉంది. మొలాసిస్‌లో పొటాషియం ఎక్కువ. 1969లో పుట్టిన ఇంప్రెసివ్ అనే పేరుమోసిన క్వార్టర్ హార్స్ పోతు సంతతిలో, రక్తంలో పొటాషియం పెరిగి కండరాలు వణికి కూలబడే జన్యు రోగం వ్యాపించింది. ఆ వంశపు గుర్రాలకు మొలాసిస్ లేని దుంప పిప్పి చాలా మంచి మేత. మొలాసిస్ కలిపితే అదే పిప్పి ప్రమాదకరం.

కలపని రకం దొరకని ఊళ్ళో ఒక ఉపాయం ఉంది. పిప్పిని బాగా నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, మంచినీళ్ళతో ఒకసారి కడిగితే చక్కెరలో చాలా భాగం పోతుంది. ఇది శ్రమతో కూడిన పని. ఎంచుకునే వీలుంటే కలపని రకమే కొనడం మేలు. చిక్కిన గుర్రానికి కావలసిన శక్తి పీచు నుంచే వస్తోంది. మొలాసిస్ ఇచ్చేది రుచి మాత్రమే. మూతి తిప్పుకునే గుర్రానికి గుప్పెడు తవుడో, నాలుగు క్యారెట్ ముక్కలో కలిపితే సరిపోతుంది.

ఇక రూపం. తురుము తేలికగా, పొరలు పొరలుగా ఉంటుంది. త్వరగా నానుతుంది, అందులో దుమ్మూ ధూళీ ఉంటే కంటికి కనిపిస్తాయి. గుళికలు ఒత్తి చేసినవి కనుక చిన్న బస్తాలో ఎక్కువ బరువు పడుతుంది, రవాణా చౌక, నిల్వకు చోటు తక్కువ చాలు. అయితే నానడానికి గంటలు పడుతుంది. బ్రిటన్‌లో వీటితో ఒక ప్రత్యేకమైన ప్రమాదం ఉంది. దుంప గుళికలు మామూలు గుర్రపు దాణా గుళికల్లాగే కనిపిస్తాయి. తెలియని మనిషి తప్పు డబ్బా తెరిచి ఎండువి పెట్టేస్తాడు. అందుకే అక్కడి శాలల్లో వాటిని విడిగా, పేరు రాసి, మూత బిగించి ఉంచుతారు. మూడోది రేకుల రకం. బ్రిటిష్ హార్స్ ఫీడ్స్ వారి స్పీడీ బీట్ ఇందుకు తెలిసిన ఉదాహరణ. పిప్పిని వేడితో ఉడికించి రేకులుగా చదును చేస్తారు కనుక చల్లని నీటిలోనే పది నిమిషాల్లో విచ్చుకుంటుంది. ఖరీదు ఎక్కువే. పొద్దున్నే శాలకు వచ్చి, మేపి, ఉద్యోగానికి పరుగెత్తే యజమానికి ఆ సమయం ఆదా అవుతుంది.

ఇవి కాక దుంప పిప్పిని ముఖ్య దినుసుగా చేసుకున్న సంపూర్ణ దాణాలు ఉన్నాయి. అమెరికాలో ముసలి గుర్రాల కోసం అమ్మే చాలా దాణాల దినుసుల జాబితాలో దుంప పిప్పి ముందు వరసలోనే కనిపిస్తుంది.  వీటిలో విటమిన్లు, ఖనిజాలు, కొవ్వు అన్నీ లెక్క ప్రకారం కలిసి ఉంటాయి. పళ్ళు పూర్తిగా పోయి గడ్డి నమలలేని గుర్రానికి ఇదే సరైన దారి. దానికి వట్టి దుంప పిప్పి పెట్టి సరిపెట్టడం పొరపాటు. అలాగని బస్తా మీద చెప్పిన మోతాదులో సగం పెడితే విటమిన్లూ సగమే అందుతాయి. ఇలాంటి దాణాలు పూర్తి మోతాదుకే తయారుచేసినవి.

అమెరికా దుంప విషయంలో కొందరు వేసే ప్రశ్న జన్యుమార్పిడి గురించి. కలుపుమందును తట్టుకునే చక్కెర దుంప అక్కడ 2008 నుంచి వాణిజ్య సాగులోకి వచ్చి, కొద్ది ఏళ్ళలోనే దాదాపు మొత్తం విస్తీర్ణాన్ని ఆక్రమించింది. ఐరోపా సమాఖ్య దేశాల్లో దాన్ని సాగు చేయరు. వద్దనుకునే వారు ఐరోపా సరుకు వెతుక్కుంటారు. పోషక విలువలో మాత్రం చెప్పుకోదగిన తేడా లేదు.

నానబెట్టడం

ఎండు పిప్పి తింటే గుర్రం కడుపులో ఉబ్బి జీర్ణాశయం పగిలిపోతుందని ఒక పాత నమ్మకం. దానికి ఆధారం లేదు. పరిశోధనల్లో గుర్రాలకు ఎండు పిప్పి పెట్టినా అలా జరగలేదు. నిజమైన ప్రమాదం గొంతులో ఉంది. ఆత్రంగా మింగే గుర్రానికి ఎండు గుళికలు ఆహారనాళంలో ఇరుక్కుంటాయి. మెడ సాచి, దగ్గి, ముక్కుల్లోంచి మేతా చొంగా కారుతుంటే వెంటనే మేత, నీళ్ళు తీసేసి వైద్యుడికి కబురు పెట్టాలి. పళ్ళు లేని ముసలి గుర్రానికి, చిక్కి ఆకలిగొన్న గుర్రానికి ఈ ముప్పు ఎక్కువ. అంటే ఈ మేత ఎవరికోసం కొంటున్నామో వారికే.

తురుముకు కొలతలో కనీసం రెట్టింపు నీళ్ళు, గుళికలకు నాలుగింతలు పోయడం వాడుకలో ఉన్న పద్ధతి. వేడి నీళ్ళు పోస్తే తురుము అరగంటలో, చల్లనివైతే గంటా రెండు గంటల్లో మెత్తబడుతుంది. గుళికలను చాలామంది రాత్రంతా ఉంచుతారు. వేళ్ళతో నలిపితే గట్టి గింజ ఏదీ తగలకూడదు. ఏ రకానికైనా బస్తా మీద రాసిన సమయమే చివరి మాట.

నానిన పిప్పి ఎంతసేపు నిలుస్తుందనేది వాతావరణాన్ని బట్టి ఉంటుంది. చలికాలపు ఇంగ్లండులో ఒక రోజు ఉంచినా పాడవదు. టెక్సాస్ వేసవిలో పూట తిరిగేసరికి పులుస్తుంది. పుల్లటి వాసన వస్తే పారబోయడమే. ఎడారి ఎండల్లోనూ దక్కన్ వేసవిలోనూ పూటకు సరిపడా మాత్రమే నానబెట్టాలి.

నానిన మేతతో నీరు కూడా గుర్రం ఒంట్లోకి పోతుందనేది చిన్న లాభం కాదు. కాలిఫోర్నియా కొండల్లో 1955 నుంచి జరుగుతున్న 100 మైళ్ళ టెవిస్ కప్ లాంటి దూర పందాల్లో, వైద్య పరీక్షల మజిలీల దగ్గర రౌతులు నీళ్ళ నీళ్ళగా కలిపిన దుంప పిప్పిని బకెట్లలో అందిస్తారు. పెద్ద పేగులో చేరిన పీచు నీటిని పట్టి ఉంచి, చెమట రూపంలో పోయిన నీటికి నిల్వగా పనికొస్తుంది. చలికాలంలో నీళ్ళు తాగని గుర్రాలకూ, ఎండుగడ్డి దుమ్ముకు ఊపిరాడక దగ్గే గుర్రాలకూ ఇదే మేలు చేస్తుంది.

ఎంత పెట్టాలి

ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. కొలత ఎప్పుడూ ఎండు పిప్పి బరువు మీద ఉండాలి. కిలో పిప్పిలో నాలుగు లీటర్ల నీళ్ళు పోస్తే ఐదు కిలోల బరువైన బకెట్ తయారవుతుంది. ఆ నిండు బకెట్ చూసి యజమానికి తృప్తిగా ఉంటుంది కానీ గుర్రానికి అందిన శక్తి కిలో పిప్పిదే.

అమెరికా జాతీయ పరిశోధన మండలి 2007లో ప్రచురించిన గుర్రాల పోషణ ప్రమాణాల ప్రకారం, పని లేని 500 కిలోల గుర్రానికి రోజుకు సుమారు 16.7 మెగాకేలరీలు కావాలి. హెన్నెకె కొలమానంలో ఒక్క మెట్టు ఎక్కడానికి 16 నుంచి 20 కిలోల బరువు పెరగాలి. ఒక్కో కిలో పెరగడానికి సుమారు 20 మెగాకేలరీలు అదనంగా పోవాలి. నాలుగో మెట్టు నుంచి ఐదుకు నాలుగు నెలల్లో చేర్చాలంటే రోజూ అదనంగా 3 మెగాకేలరీలు. కొన్న బస్తాలో ఉన్నట్టుగా, తేమతో కలిపి లెక్కిస్తే, కిలో దుంప పిప్పి 2.5 మెగాకేలరీలు ఇస్తుంది కనుక రోజుకు కిలో పావు చాలు. రెండు నెలల్లోనే కావాలంటే రెండున్నర కిలోలు. తొందర లేకపోతే నాలుగు నెలల దారే మంచిది. పేగులకు అలవాటుపడే సమయం ఉంటుంది, ఒక నెల పొరపాటును మరో నెల సరిదిద్దుకోవచ్చు.

ఈ లెక్క నిలబడాలంటే పిప్పి అదనంగా పోవాలి, గడ్డికి బదులుగా కాదు. కిలో గడ్డి తీసేసి కిలో పిప్పి పెడితే పెరిగేది 0.7 మెగాకేలరీలే. దుంప పిప్పి పెడుతున్నా గుర్రం ఒళ్ళు చేయడం లేదని వాపోయే శాలల్లో చాలాసార్లు జరిగేది ఇదే. పిప్పితో పొట్ట నిండిన గుర్రం గడ్డి వదిలేస్తోందేమో కూడా గమనించాలి. గుర్రం బరువులో కనీసం ఒకటిన్నర శాతం గడ్డి రోజూ తినాలి. 500 కిలోలకు ఏడున్నర కిలోలు.

మొదలుపెట్టడం పావు కిలోతో. పది రోజుల నుంచి రెండు వారాలు తీసుకుని పెంచి, రోజు మోతాదును రెండు మూడు పూటలుగా పంచాలి. కొత్త మేతకు సూక్ష్మజీవుల సంఖ్య సర్దుకోవడానికి ఆ సమయం కావాలి. లద్దె పలచబడితే ఒక మెట్టు వెనక్కి తగ్గాలి.

పిప్పి ఇవ్వనివి

దుంప పిప్పి ఒక్కటే పెడితే గుర్రం కొవ్వు పట్టవచ్చు, కండ పట్టదు. కండకు లైసిన్ వంటి అమైనో ఆమ్లాలు కావాలి. అవి లూసర్న్ గడ్డిలోనూ సోయా చెక్కలోనూ దొరుకుతాయి. విటమిన్ ఎ, విటమిన్ ఇ ఈ పిప్పిలో దాదాపు లేవు. పచ్చిక మీద మేసే గుర్రానికి అవి గడ్డి నుంచే వస్తాయి. ఎండుగడ్డి మీద బతికే గుర్రానికి విడిగా ఇవ్వాలి.

ఖనిజాల్లో అసలు చిక్కు కాల్షియం, భాస్వరాల మధ్య. పిప్పిలో కాల్షియం సుమారు 0.9 శాతం, భాస్వరం 0.1 శాతం మాత్రమే. లూసర్న్‌లోనూ కాల్షియమే ఎక్కువ. రెండూ కలిస్తే తక్కెడ ఒకవైపే మొగ్గుతుంది. ఎదిగిన గుర్రం కొంత తట్టుకుంటుంది, ఎదిగే పిల్లలకు మాత్రం ఎముకల దగ్గర తేడా వస్తుంది. దీనికి చక్కని జోడీ తవుడు. అందులో భాస్వరం 1.7 శాతం దాకా ఉంటుంది, కాల్షియం అత్యల్పం. కిలో పిప్పిలో 9 గ్రాముల కాల్షియం, 1 గ్రాము భాస్వరం ఉంటే, అర కిలో తవుడు 8 గ్రాములకు పైగా భాస్వరం తెస్తుంది. పైగా తవుడులోని నూనె బరువు పెంచడానికి అదనపు శక్తి. గుర్రాల కోసం ప్యాక్ చేసి అమ్మే తవుడులో చాలాసార్లు ముందే కాల్షియం కలిపి ఉంటుంది కనుక చీటీ చదివి లెక్కించుకోవాలి. మిల్లు నుంచి తెచ్చిన పచ్చి తవుడు కొద్ది రోజుల్లోనే కమురు వాసన వేస్తుంది. నూనె తీసిన తవుడులో ఆ శక్తి ఉండదు.

వంటనూనె మరో దారి. ఒక కప్పు నూనె సుమారు 2 మెగాకేలరీలు. గుర్రానికి పిత్తాశయం లేదు, కాలేయం నుంచి పైత్యరసం నిరంతరం కారుతూనే ఉంటుంది. మెల్లగా అలవాటు చేస్తే నూనెను బాగానే అరిగించుకుంటుంది. రెండు చెంచాలతో మొదలుపెట్టి రెండు మూడు వారాల్లో కప్పుకు చేర్చాలి. నానిన పిప్పి నూనెను పీల్చుకుంటుంది కనుక రెండూ కలిపి పెట్టడం సులువు.

దక్కన్ గుర్రపుశాలల వైపు

దుంప చక్కెర లేని చోట దుంప పిప్పీ తక్కువే. భారతదేశంలో చక్కెర అంటే చెరకే. దుంపను రాజస్థాన్‌లోని శ్రీగంగానగర్ వంటి కొన్ని చోట్ల పండించి చూసినా, అది చెరకును పక్కకు నెట్టలేదు. అందువల్ల ఇక్కడ ఈ మేత చాలావరకు దిగుమతి సరుకు, ఖరీదైనది. దక్కన్‌లో తరతరాలుగా గుర్రానికి బలమైన మేత ఉలవ గుగ్గిళ్ళే. మద్రాసు ప్రెసిడెన్సీ కాలపు ఆంగ్ల రాతల్లో కూడా గుర్రాలకు ఉడికించిన ఉలవలు పెట్టడం కనిపిస్తుంది. ఉలవల్లో మాంసకృత్తులు 20 శాతం దాటుతాయి, పిండిపదార్థమూ ఎక్కువే. పచ్చి గింజలో మాంసకృత్తుల జీర్ణానికి అడ్డుపడే పదార్థాలు ఉంటాయి. ఉడికిస్తే అవి చాలావరకు పోతాయి. పని చేసే గుర్రానికి ఉలవలు మంచివే. నీరసించి నిలబడ్డ గుర్రానికి, పుండ్లున్న గుర్రానికి మాత్రం పీచు నుంచి వచ్చే శక్తి మేలు.

హైదరాబాద్ మలక్‌పేట పందెపు మైదానం చుట్టుపక్కల శాలల్లో గానీ, ఆంధ్ర, తెలంగాణ జిల్లాల్లో రెండు మూడు గుర్రాలు పెంచుకునే వారికి గానీ దుంప పిప్పి అందనప్పుడు దగ్గరి ప్రత్యామ్నాయం సోయా పొట్టు. సోయా నూనె మిల్లుల్లో గింజ మీద నుంచి తీసే ఈ పొట్టులోనూ లిగ్నిన్ తక్కువ, పులిసే పీచు ఎక్కువ, పిండిపదార్థం స్వల్పం. విదేశాల్లో దాణా కంపెనీలే దుంప పిప్పి ధర పెరిగినప్పుడు సోయా పొట్టును కలుపుతాయి. పచ్చి లూసర్న్, నాణ్యమైన ఎండుగడ్డి, సోయా పొట్టు, కొంచెం తాజా తవుడు, ఖనిజ లవణ మిశ్రమం కలిస్తే చిక్కిన గుర్రానికి కావలసిన మేత ఇక్కడి దినుసులతోనే కుదురుతుంది. బూజు వాసన ఉన్న పొట్టును మాత్రం దగ్గరికి రానివ్వకూడదు. ఆవు తట్టుకునే బూజు విషాలను గుర్రం తట్టుకోలేదు.

గుర్రం ఐదో మెట్టుకు చేరాక పిప్పి పూర్తిగా ఆపేయనక్కర లేదు. పెంచినట్టే రెండు వారాల్లో మెల్లగా తగ్గించి, బరువు నిలబడే మోతాదు దగ్గర ఆగాలి. ముసలి గుర్రాలకు, పళ్ళు అరిగినవాటికి అది జీవితాంతం సాగే మేత. ఎదిగిన ఆరోగ్యవంతమైన గుర్రానికి మంచి పచ్చిక దొరికే నెలల్లో దాని అవసరమే ఉండకపోవచ్చు. చలి పెరిగే ముందు టేపు పట్టి చూసుకుని మళ్ళీ మొదలుపెట్టవచ్చు.